రెండేళ్లు వాడాక చెప్తున్నా: బ్యాండ్, బ్యాలెన్స్ డిస్క్, ఫుట్ స్ట్రెచర్

పాయింట్ షూస్ (కాలివేళ్ల కొసల మీద నిలబడి బాలే చేయడానికి వేసుకునేవి) సంగతి తర్వాత, ముందు పాదాలకి బలం రావాలని మా బాలే టీచర్ తేల్చి చెప్పేసరికి ఆవేశంగా మూడు వస్తువులు ఒకేసారి కొనేశాను. రెసిస్టెన్స్ బ్యాండ్, అంటే సాగే రబ్బరు పట్టీ, ఇప్పటికీ రోజూ వాడతాను. గాలి నింపే బ్యాలెన్స్ డిస్క్ వారానికి రెండు మూడుసార్లు. పాదాన్ని వంచి పట్టే స్ట్రెచర్ అలమర అడుగున పడి ఉంది.

బ్యాండ్‌ని మొదటి ఆరు నెలలూ తప్పుగానే వాడాను. కాళ్లు చాపుకుని కూర్చుని, అరికాలి ముందుభాగానికి దాన్ని చుట్టి, పాదాన్ని ముందుకి చాచడం, టప్పున వదిలేయడం, వంద అయ్యాయని మురిసిపోవడం. అసలు పని వెనక్కి తెచ్చేటప్పుడే ఉందట. నాలుగు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా రానిస్తే పదిహేనుకే పిక్క వణకడం మొదలైంది. పైగా నాకు తెలియకుండానే వేళ్లు ముడిచేస్తున్నాను, అందుకే అరికాలు పట్టేసేది. పాయింట్ షూ బాక్స్‌లో (వేళ్లని పట్టి ఉంచే గట్టి ముందుభాగం) వేళ్లు నిటారుగా ఉండాలి కాబట్టి ఆ అలవాటు మానుకోవడానికే రెండు నెలలు పట్టింది.

ఇంకో వాడకం ఉంది, చాలామంది వదిలేస్తారు. బ్యాండ్‌ని రెండు పాదాలకీ కలిపి చుట్టి చిటికెన వేలి వైపుని బయటికి నెట్టడం. నేను రెలెవేలో, అంటే మడమలెత్తి పైకి లేచినప్పుడు, ఎడమ మడమ లోపలికి జారి బరువంతా చిటికెన వేలి మీద పడేది (దీన్నే సిక్లింగ్ అంటారు, చీలమండ బెణికేది ఎక్కువగా ఇలాగే). అద్దంలో కనిపించలేదు, వెనక ఫోన్ పెట్టి వీడియో తీస్తే తెలిసింది. దాన్ని సరిచేసింది ఈ పక్కకి నెట్టడమే.

మన్నిక అంతంత మాత్రం. ఎండ తగిలితే రబ్బరు అంచుల్లో పగుళ్లు వస్తాయి, ముడి వేసిన చోట తెగుతుంది. ఇప్పటికి మూడు తెగాయి, ఒకటి మోకాలికి ఛెళ్లున తగిలింది కూడా. రంగు చూసి కొనకండి, ఒక కంపెనీ ఎరుపు ఇంకో కంపెనీ ఎరుపంత గట్టిగా ఉండాలని లేదు.

డిస్క్‌కి ఉన్నంత పేరుకి తగ్గ పని అది చేయదనిపిస్తుంది. దాని మీద ఒంటికాలిపై నిలబడితే చీలమండ చకచకా సర్దుకోవడం నేర్చుకుంటుంది, అంతవరకూ మంచిదే. కానీ పాయింట్‌లో మనం నిలబడేది గట్టి నేల మీద, షూ కొసన ఉండే చిన్న చదును మీద. మామూలు నేల మీద కళ్లు మూసుకుని ఒంటికాలిపై 30 సెకన్లు నిలబడటమే నాకు ఎక్కువ ఉపయోగపడింది, దానికి రూపాయి ఖర్చు లేదు. హుషారెక్కి డిస్క్ మీదే రెలెవే చేయబోయి కాలు మెలిపెట్టుకుని మూడు వారాలు క్లాసు మానేశాను, తప్పు నాదే.

స్ట్రెచర్‌తో మీగాలి వంపు పెరిగింది, నిజమే, ఫోటోల్లో బాగుంది. ఆ వంపుని పైకి లేచాక పట్టి ఉంచే బలం మాత్రం లేదు, పైగా మడమ వెనక నొక్కుకుపోతున్నట్టు నొప్పి. ఆపేశాక నెలన్నరకి తగ్గింది. షూ పట్టి ఉంచుతుందిలే అనుకునేవాళ్లకి ఒక మాట: మామూలు పాయింట్ షూ బాక్స్ అంటే గుడ్డ, కాగితం, జిగురు పొరలు, చెమటకే మెత్తబడిపోతుంది.

మోకాలు వంచకుండా ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం ఆపకుండా 20, 25 సార్లు వస్తుందా అని చాలామంది టీచర్లు చూస్తారు. మొదట్లో నాకు కుడికి 14, ఎడమకి 9, అదీ ఆరోదాని నుంచే మడమ సగమే లేచేది. ఇప్పుడు 26, 23. షూస్ వచ్చి నాలుగు నెలలైంది, ఇంకా రెండు చేతులూ బార్ (ఆసరాకి పట్టుకునే కడ్డీ) మీదే ఉన్నాయి.

స్ట్రెచర్ ఇచ్చేయమని ఇద్దరు అడిగారు. ఆ నొప్పి గుర్తొచ్చి ఇవ్వలేదు.