గుమ్మం దగ్గర దగ్గు: లింక్డ్‌ఇన్‌తో నా నాలుగేళ్లు

ఉద్యోగాల కోసం, వృత్తి పరిచయాల కోసం వాడే లింక్డ్‌ఇన్ వేదిక అంటే ఏమిటో, అందులో ఖాతా ఎలా తెరవాలో ఈపాటికి అందరికీ తెలుసు కాబట్టి ఆ వివరాల జోలికి పోను. నాలుగేళ్ల వాడకంలో నాకు నిజంగా అక్కరకు వచ్చినది ఒకే ఒక్క సెట్టింగు. మనం ఒకరి ప్రొఫైల్ చూసినప్పుడు మన పేరు వారికి కనిపించాలా, వద్దా అని నిర్ణయించే సెట్టింగు అది. మితభాషులు మొట్టమొదట మూసిపెట్టుకునేది దాన్నే. నేనూ మూసిపెట్టుకున్నాను.

గుంటూరు జిల్లాలో నేను చదువుకున్న ఫార్మసీ కళాశాలలోనే పదకొండేళ్లు పాఠాలు చెప్పాను. అరవై మంది విద్యార్థుల ఎదుట గంటసేపు తడుముకోకుండా మాట్లాడగలిగిన నేను, పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషిని ‘మీదే ఊరండీ’ అని అడగడానికి భోజనాల పిలుపు వచ్చేదాకా తటపటాయిస్తాను. బి.ఫార్మసీ ఎనిమిదో సెమిస్టర్‌లో ఎలెక్టివ్‌గా (ఐచ్ఛిక పాఠ్యాంశంగా) ఉండే ఫార్మకోవిజిలెన్స్‌ను, అంటే మందుల వల్ల కలిగే దుష్ప్రభావాల నివేదికలను సేకరించి మదింపు వేసే శాస్త్రాన్ని, ఏళ్ల తరబడి బోధిస్తూ, హైదరాబాదులో ఆ పనినే వృత్తిగా చేసుకోవాలని ముప్ఫై ఆరో ఏట నిర్ణయించుకున్నాను. సలహా అడిగిన ప్రతివారూ ‘పరిచయాలు పెంచుకోండి’ అన్నారు. ఆ మాట నాకు ఈత రానివాడిని కృష్ణలో దిగమన్నట్టే వినిపించింది.

ఆ విధంగా మొదటి పద్నాలుగు నెలలూ పేరు దాచుకునే ప్రైవేట్ మోడ్‌లోనే గడిపాను. రాత్రి పిల్లలు నిద్రపోయాక ఫోను పట్టుకుని, డ్రగ్ సేఫ్టీలో, అంటే ఈ ఫార్మకోవిజిలెన్స్ రంగంలోనే, ఉన్నవారి ప్రొఫైళ్లు ఒక్కొక్కటీ చదివేవాణ్ణి. ఎవరు ఎక్కడ చదివారో, ఏ వయసులో మారారో, దుష్ప్రభావ నివేదికలు నమోదు చేసే ఆర్గస్ వంటి సాఫ్ట్‌వేర్ ఎప్పుడు నేర్చుకున్నారో ఒక నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. అప్పట్లో ఆ మోడ్‌ను నా తోటి అధ్యాపకులకు ఎంతగానో మెచ్చుకుని చెప్పాను. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా అందరి గురించీ తెలుసుకోవచ్చునని వాదించాను. నోటు పుస్తకం నిండింది కానీ, పద్నాలుగు నెలల్లో నేను ఒక్కరికి కూడా ఒక్క వాక్యం రాయలేదన్న సంగతి మాత్రం వారికి చెప్పలేదు. చూడటమే పని చేయడమనే భ్రమలో ఉన్నాను.

ఆ సెట్టింగు మారడం కూడా ధైర్యం వల్ల జరిగినది కాదు, కేవలం కుతూహలం వల్ల. ఉచిత ఖాతాలో మనం పేరు దాచుకుంటే, మన ప్రొఫైల్‌ను ఎవరు చూశారో మనకూ కనిపించదు. ఒకనాడు నన్ను ఎవరో చూశారన్న సూచన రాగానే అదెవరో తెలుసుకోవాలనిపించి, పేరు కనిపించేలా మార్చాను. చూసినది ఒక బీమా ఏజెంటు. నిరుత్సాహంతో ఫోను పక్కన పెట్టాను గానీ, సెట్టింగును తిరిగి మార్చడం మరచిపోయాను. ఆ రాత్రే యథాప్రకారం, మా కళాశాల పేజీలో పూర్వ విద్యార్థుల జాబితా వడపోస్తూ, నాకన్నా రెండు బ్యాచ్‌లు ముందు చదివి ఇప్పుడు హైదరాబాదులో డ్రగ్ సేఫ్టీ బృందాన్ని నడిపిస్తున్న ఒక సీనియర్ ప్రొఫైల్ ఆసాంతం చదివాను.

మర్నాడు మధ్యాహ్నం, ఇన్విజిలేషన్ ముగించుకుని స్టాఫ్ రూముకు వచ్చేసరికి ఆవిడ నుంచి సందేశం ఉంది: “నా ప్రొఫైల్ చూసినట్టున్నారు. మీరు మా తర్వాత రెండో బ్యాచా? ట్యాబ్లెట్ పంచింగ్ మెషిన్ ఉన్న ల్యాబ్ ఇంకా అలాగే ఉందా?” పట్టుబడిపోయానన్న భావనతో నాకు చెమటలు పట్టాయి. క్షమాపణ చెబుతూ నాలుగు పంక్తులు రాసి, చెరిపి, మళ్లీ రాసి, చివరికి “ఉంది మేడం, కానీ ఇప్పుడు పనిచేయడం లేదు” అని మాత్రం పంపాను. “మేడం ఎందుకండీ, అక్కా అనండి చాలు” అని వెంటనే జవాబు వచ్చింది.

పూర్వం మా ఊళ్లో ఎవరింటికైనా వెళ్లినవారు తలుపు తట్టేవారు కాదు. గుమ్మం దగ్గర నిలబడి ఒకసారి దగ్గేవారు. లోపలివారికి తీరిక ఉంటే ‘ఎవరూ’ అని పలకరిస్తారు, లేకపోతే ఊరుకుంటారు. ఎవరికీ మాట పోదు. పేరు కనిపించేలా ప్రొఫైల్ చూడటం నాకు అచ్చంగా ఆ దగ్గులా పనిచేసింది. అడగడమన్నది నోరు తెరిచి చేయలేని మనిషికి ఇంతకన్నా మర్యాదైన మార్గాన్ని మరే వేదికలోనూ నేను చూడలేదు.

ఆ తర్వాత పది రోజులకు ఆవిడ ఫోనులో నలభై నిమిషాలు మాట్లాడారు. ఉద్యోగం ఇప్పించమని నేను అడగలేదు, ఇప్పిస్తానని ఆవిడా అనలేదు. ఒక కల్పిత రోగి వివరాలు చెప్పి, కేసు నరేటివ్‌ను, అంటే ఆ రోగికి ఏం జరిగిందో చెప్పే కథనాన్ని, ఇరవై పంక్తుల్లో రాసి పంపమన్నారు. నేను రాసినదాంట్లో ‘సీరియస్’ అన్న పదాన్నీ ‘సివియర్’ అన్న పదాన్నీ వేరుగా వాడటం చూసి సంతోషించారు. భరించలేని తలనొప్పి సివియర్ కావచ్చు గానీ, ప్రాణాపాయం, ఆసుపత్రిలో చేరవలసి రావడం, అంగవైకల్యం వంటి ప్రమాణాలలో ఏదో ఒకటి వర్తిస్తే తప్ప అది సీరియస్ కాదు; కొత్తగా చేరినవారు తరచుగా తడబడేది అక్కడేనట. పదకొండేళ్లుగా సుద్దముక్కతో బోర్డు మీద నేను రాస్తూ వచ్చిన తేడా అది. అది నా అనుభవంగా లెక్కకు వస్తుందని అప్పటిదాకా నాకు తోచనే లేదు.

మిగతావారికి సందేశాలు రాసే పద్ధతి కూడా ఆ శాస్త్రమే నేర్పింది. ఒక దుష్ప్రభావ నివేదిక చెల్లాలంటే నాలుగు అంశాలు ఉండాలి: గుర్తించదగిన రోగి, గుర్తించదగిన నివేదకుడు, అనుమానిత ఔషధం, జరిగిన దుష్ప్రభావం. నా సందేశంలోనూ నాలుగే ఉంచుకున్నాను. నేనెవరిని, మీరు నాకెలా తెలిశారు, మీ పనిలో నేను గమనించినదేమిటి, నేను అడిగే ఒకే ఒక్క ప్రశ్న ఏమిటి. ఏ ఒక్కటి లోపించినా పంపేవాణ్ణి కాను. ఎనిమిది నెలల తర్వాత ఆ సీనియర్ సిఫార్సుతో, ఆవిడ బృందంలో కాకపోయినా అదే సంస్థలో, కేసు ప్రాసెసింగ్‌లో, అంటే వచ్చిన నివేదికలను పరిశీలించి నమోదు చేసే పనిలో, చేరాను.

ఇంత పొగిడాక కొన్ని సంగతులు దాచడం న్యాయం కాదు. నా నోటు పుస్తకం లెక్క ప్రకారం ఆ ఎనిమిది నెలల్లో డెబ్బై మంది ప్రొఫైళ్లను పేరు కనిపించేలా చూశాను. తమంతట తాముగా పలకరించినవారు నలుగురు. ఆ నలుగురిలో ముగ్గురు మా కళాశాలవారే, నాలుగో వ్యక్తి మా పూర్వ విద్యార్థికి సహోద్యోగి. బొత్తిగా ముఖపరిచయం లేనివారి గుమ్మం ముందు ఎంత దగ్గినా ఎవరూ పలకలేదు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన అధ్యయనంలో, పరిచయాల ద్వారా ఉద్యోగం పొందినవారిలో 16.7 శాతం మందికే ఆ పరిచయస్థులు తరచుగా కలిసేవారు, 55.6 శాతం మందికి అప్పుడప్పుడు, 27.8 శాతం మందికి అరుదుగా కలిసేవారు. ఆ అంకెలు చదివి, ఎంత దూరపువారైతే అంత మేలనుకున్నాను. కానీ సుమారు 2 కోట్ల మంది లింక్డ్‌ఇన్ సభ్యులపై జరిగి 2022లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన, బొత్తిగా పలుచని సంబంధాల కన్నా ఒక మోస్తరు పలుచనివే ఎక్కువ ఉపకరిస్తాయని తేల్చింది. నా డెబ్బై మంది లెక్క కూడా అదే చెబుతోంది.

పూర్వ విద్యార్థుల జాబితా కూడా నేను మొదట అనుకున్నంత సమగ్రం కాదు. కళాశాల పేరుకు బదులు విశ్వవిద్యాలయం పేరు రాసుకున్నవారు అందులోకి రారు. మా బ్యాచ్‌లోనే అలాంటివారు చాలామంది ఉన్నారు. ఇక నా తొందరపాటు వల్ల జరిగిన అభాసు ఒకటి: పేరు కనిపిస్తుందన్న సంగతి మరచి మా విభాగాధిపతి (హెచ్‌ఓడీ) గారి ప్రొఫైల్ చూశాను. మర్నాడు టీ తాగుతూ, “ఏమండీ, నిన్న నా పేజీకి వచ్చారట, ఏదైనా పనా?” అని అందరి ముందూ అడిగారు. ఏం చెప్పానో నాకే గుర్తు లేదు. మరొకటి, సీనియర్ అక్క స్వయంగా హెచ్చరించినది: పరిచయం లేని మగవాడు పదే పదే వచ్చి చూసిపోతుంటే ఏ స్త్రీకైనా కలవరంగానే ఉంటుంది. అందుకని ఒక ప్రొఫైల్‌ను ఒక్కసారే చూడటం, చూసినరోజే రాయడం, లేదా వదిలేయడం నియమంగా పెట్టుకున్నాను.

నాకు పనికివచ్చినది ఇతరులకూ పనికివస్తుందని గట్టిగా చెప్పలేను. నా భార్యది ప్రభుత్వ ఉద్యోగం కావడం వల్ల ఎనిమిది నెలలు తొందరపడకుండా ఆగగలిగాను; మారదలచిన రంగం నా చదువుకు పక్కవీధిలోనే ఉంది; ఆ వీధిలో మా కళాశాలవారు ముందే కాపురం ఉన్నారు. సీనియర్లు లేని రంగానికి మారేవారికి, ప్రస్తుత యాజమాన్యానికి తెలిస్తే ఇబ్బంది పడేవారికి ప్రైవేట్ మోడే క్షేమం కావచ్చు.

ఇప్పుడు నా ప్రొఫైల్‌ను చూసినవారి జాబితాలో, ముఖ్యంగా మా కళాశాల చివరి సెమిస్టర్ పరీక్షలు ముగిసే రోజుల్లో, పేరూ ఫోటో లేకుండా ‘లింక్డ్‌ఇన్ సభ్యులు’ అన్న పంక్తి తరచుగా కనిపిస్తుంది. నా దగ్గర చదువుకున్నవారే అయి ఉంటారని అనుమానం. నేనే ముందుగా పలకరిద్దామంటే పేరు తెలియదు.