స్పిన్నరా, శాతమా, మెట్లా: ప్రోగ్రెస్ బార్లలో ఏది మేలు?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు సాఫ్ట్‌వేర్ పని నేర్చుకుంటున్న విద్యార్థులు కొంతకాలంగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఫైలు అప్‌లోడ్ అవుతున్నంతసేపూ తెర మీద ఏం చూపించాలి? గిరగిరా తిరిగే స్పిన్నరా, శాతంతో నిండే బారా, ఒక్కొక్కటిగా టిక్కు పడే మెట్లా? ఈ మధ్యే ఇక్కడి జన సేవా కేంద్రాలకు పనికొచ్చేలా పత్రాలు పంపే ప్రోగ్రామ్ ఒకటి రాస్తూ నేనూ ఈ మూడింటిలో ఒకటి తేల్చుకోవలసి వచ్చింది. బార్‌నే ఎంచుకున్నాను, కానీ శాతం అంకె తీసేశాను.

కొద్దిసేపటి నిరీక్షణ గురించి పెద్దగా వాదన లేదు. కంప్యూటర్ల వాడకం సులువుపై పరిశోధించే జేకబ్ నీల్సన్ 1993లో చెప్పిన హద్దులు ఇప్పటికీ సరిపోతాయి. సెకనులో పదో వంతులో స్పందన వస్తే పని వెంటనే జరిగినట్టు ఉంటుంది. 1 సెకను వరకు ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు వేరే దాని మీదికి పోతుంది. రెండు మూడు సెకన్ల పనికి స్పిన్నర్ చాలు. అసలు సమస్య 10 సెకన్లు దాటిన చోటే మొదలవుతుంది, మా ప్రాంతంలో అప్‌లోడ్‌లు చాలావరకు అక్కడే ఉంటాయి.

రాయగడ పట్టణం దాటి కాశీపూర్ కొండల వైపు వెళ్లేకొద్దీ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఆదాయ ధ్రువపత్రానికో, పట్టా నకలుకో వచ్చిన పెద్దాయన బల్లకు ఇవతల నిలబడి "అయిందా బాబూ?" అని అడుగుతాడు. ఆ ఒక్క మాటలో రెండు ప్రశ్నలున్నాయి. పని సాగుతోందా, ఆగిపోయిందా? నేను బజారుకు వెళ్లి రావచ్చా, ఇక్కడే ఉండాలా? ప్రోగ్రెస్ బార్ దేనికని నన్నడిగితే మొదట ఈ మొదటి ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పడానికే అంటాను. అందం, రంగు, కదలికలోని నునుపు అన్నీ దాని తరవాతే.

ఈ కొలతతో చూస్తే స్పిన్నర్ నిలబడదు. దాన్ని తిప్పేది బ్రౌజర్. అప్‌లోడ్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు. నెట్‌వర్క్ పూర్తిగా పోయినా అది అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. ఏమీ చూపించకపోతే మనిషికి కనీసం అనుమానమైనా వస్తుంది, తిరిగే స్పిన్నర్ ఆ అనుమానాన్ని కూడా రానివ్వదు. అందుకే ఎక్కువసేపు పట్టే పనులకు దాన్ని వాడవద్దని గట్టిగా చెబుతాను.

శాతం చూపే బార్‌కు మంచి చరిత్రే ఉంది. 1985లో టొరంటో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న బ్రాడ్ మైయర్స్ 48 మంది విద్యార్థుల చేత బార్ ఉన్నప్పుడూ లేనప్పుడూ డేటాబేస్‌లో వెతికించి చూశాడు. బార్ ఉంటేనే బాగుందని 86 శాతం మంది చెప్పారు. అయితే అప్‌లోడ్‌లో ఒక చిక్కుంది. శాతం అంటే దేనిలో శాతం? బ్రౌజర్ మనకు అందించే లెక్క ఎన్ని బైట్లను నెట్‌వర్క్ బఫర్లకు, అంటే పంపేముందు డేటా కాసేపు ఆగే చోటుకు, అప్పగించిందన్నదే. అవతలి సర్వర్‌కు ఎన్ని చేరాయన్నది వేరే సంగతి. చిన్న ఫైలైతే క్షణంలో 100 శాతం పడిపోతుంది, ఆ తరవాత అసలు ప్రయాణమంతా నిండిన బార్ ముందు కూర్చుని చూడాలి. పైగా ఫైలు చేరాక సర్వర్ దాన్ని సరిచూసుకోవాలి, ఆ సమయం ఏ శాతంలోనూ లేదు.

ఆగడం ఎక్కడైనా ఆగడమే కదా అనుకోవద్దు. 2007లో పరిశోధకుడు క్రిస్ హారిసన్ బృందం రకరకాల వేగాలతో కదిలే బార్లను మనుషులకు చూపించి పోల్చమంది. చివర్లో ఆగినవి ఎక్కువసేపు పట్టినట్టు అనిపించాయి, చివర్లో వేగం పుంజుకున్నవి త్వరగా అయిపోయినట్టు అనిపించాయి. 99 దగ్గర నిలిచిపోయే బార్ అత్యంత చెడ్డ చోట ఆగుతోందన్నమాట. దాదాపు అయిపోయిందని అనుకున్నాక ఓపిక ఇంకెంత ఉంటుంది?

అందుకే నేను ఫైలును 256 కేబీ ముక్కలుగా కోసి పంపుతున్నాను. ఒక ముక్క చేరిందని సర్వర్ జవాబిచ్చాకే బార్ కదులుతుంది. పక్కన శాతానికి బదులు "12 ఎంబీలో 5" అన్నట్టు లెక్క ఉంటుంది. 15 సెకన్లపాటు కొత్త ముక్క చేరకపోతే బార్ రంగు మారి, సాగడం లేదని చెబుతుంది. సిగ్నల్ తిరిగి వస్తే ఆగిన ముక్క నుంచే మొదలవుతుంది. దీనికి మూల్యం లేకపోలేదు. ముక్కముక్కకూ జవాబు కోసం ఆగడం వల్ల మొత్తం పని కొంత నెమ్మదిస్తుంది, బార్ నునుపుగా కాకుండా అంగలు వేస్తుంది. నాకు అది సమ్మతమే. ప్రతి అంగా నిజం.

మెట్ల పద్ధతి మీద నాకు గౌరవముంది. పని నాలుగు వేర్వేరు దశలుగా సాగినప్పుడు ఎక్కడున్నామో అంత స్పష్టంగా చెప్పేది మరొకటి లేదు. కానీ అది చదవాలి. రాయగడలోనైనా, బరంపురం, పర్లాకిమిడిల్లోనైనా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. బల్లకు ఇవతల నిలబడేవాళ్లలో కువి, సవర మాట్లాడేవాళ్లూ ఉంటారు. ఏ లిపిలో రాసినా కొందరికి అందదు. నిండుతున్న బార్, దాని పక్కన ఫోన్లలో, నోట్ల మీద అలవాటైన అంకెలు మాత్రం దాదాపు అందరికీ అందుతాయి. మెట్లు పెట్టేవాళ్లకు ఇంకొక్క మాట: నాలుగు దశలున్నాయని బార్‌ను నాలుగు సమాన భాగాలు చేయవద్దు. ఒక దశ రెండు సెకన్లలో, మరో దశ రెండు నిమిషాల్లో అయ్యేటప్పుడు ఆ విభజన తప్పుడు ఆశ కల్పిస్తుంది.

మిగిలిన సమయం చూపించడం స్థిరమైన నెట్‌వర్క్‌కు పరవాలేదు, మాకు కాదు. 2012లో వచ్చిన విండోస్ 8 ఫైళ్ల కాపీకి వేగం గ్రాఫ్ కూడా చూపించింది, అది మెరుగైన ఆలోచన. పేజీ ఆకారాన్ని బూడిదరంగు దిమ్మెలతో ముందే చూపే స్కెలిటన్ తెరలు పేజీ తెరుచుకోవడానికి బాగుంటాయి, అప్‌లోడ్‌కు పనికిరావు.

బార్ మీద వెనక్కి జారే చారలు పెడితే సమయం తక్కువ పట్టినట్టు అనిపిస్తుందట కదా, పెట్టమంటారా అని కొందరు అడిగారు. హారిసన్ బృందమే 2010లో ఆ ఫలితం చూపింది, సుమారు 11 శాతం తేడా. కానీ ఆ చారలు పని ఆగినప్పుడూ జారుతూనే ఉంటే అది మళ్లీ స్పిన్నరే అవుతుంది. పెట్టాలనుకుంటే ముక్క చేరినప్పుడు మాత్రమే కదిలేలా పెట్టండి.

ఇక ఫైలంతా చేరాక సర్వర్ సరిచూసే దశ. ఎంతసేపు పడుతుందో సర్వర్‌కే తెలియదు కాబట్టి అక్కడ బార్ అబద్ధమవుతుంది. నిండిన బార్‌ను తెర మీద నుంచి తీసేసి, ఆ ఒక్కచోట మాత్రం స్పిన్నర్ పెట్టాను. ప్రోగ్రామ్ రెండు సెకన్లకొకసారి సర్వర్‌ను పలకరిస్తుంది. "ఇంకా చూస్తున్నాను" అని జవాబు వచ్చిన ప్రతిసారీ స్పిన్నర్ ఒక్క గడి తిరుగుతుంది, జవాబు రాకపోతే కదలదు. దరఖాస్తు సంఖ్య వచ్చాకే "అయింది" అని చూపిస్తుంది.