ఏడేళ్లుగా ఫౌంటెన్‌లో స్క్రిప్టులు: పనికొచ్చినవి, విసిగించినవి

ఫౌంటెన్ అంటే పెన్ను అనుకునేరు. పెన్ను సంగతి కూడా వస్తుంది గానీ, నేను చెప్పబోయేది స్క్రీన్‌ప్లే రాసే ఒక పద్ధతి గురించి. ఇది యాప్ కాదు. మామూలు టెక్స్ట్ ఫైల్లో ఈ గుర్తు పెడితే సీను హెడ్డింగు, ఆ గుర్తు పెడితే పాత్ర పేరు అని ముందే అనుకున్న కొన్ని ఒప్పందాలు, అంతే. 2012లో హాలీవుడ్ రచయిత జాన్ ఆగస్ట్, దర్శకుడు స్టూ మాష్విట్జ్ కలిసి బయటపెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఉచితం. ఈ ఏడేళ్లలో మూడు పూర్తి నిడివి స్క్రిప్టులు, ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ ఒకటి, లెక్కపెట్టని చిన్న కథలు ఇందులోనే రాశాను. కాబట్టి ఇది రెండు వారాలు వాడి రాస్తున్న సమీక్ష కాదు.

ఇందులోకి ఇష్టపడి వచ్చానని చెప్పను. దెబ్బ తిని వచ్చాను. అంతకుముందు చందా కట్టే ఒక యాప్ వాడేవాణ్ణి. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. కార్డులు అటూ ఇటూ జరపొచ్చు, పాత్రలకి రంగులు వేయొచ్చు, ఈ రోజు ఎన్ని పేజీలు రాశావో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. ఒకసారి చందా కట్టడం మర్చిపోయాను. మర్నాడు తెరిస్తే నా మూడు డ్రాఫ్టులూ చదవడానికే తప్ప మార్చడానికి లేవు. బయటికి తీసుకోవడానికి పీడీఎఫ్ ఒక్కటే దారి. సరే, అందులోంచి కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేశాను. తెలుగు పీడీఎఫ్‌లోంచి కాపీ చేసినవాళ్లకి తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట. ‘స్త్రీ’ కాస్తా ‘సీ త ర’ అయి కూర్చుంది. నూట పది పేజీలు మళ్లీ టైప్ చేశాను. పంతొమ్మిది రోజులు పట్టింది. (మళ్లీ టైప్ చేస్తున్నప్పుడు పన్నెండు సీన్లు అనవసరమని తెలిసింది. అయినా ఆ యాప్‌ని క్షమించలేదు.)

ఆ పంతొమ్మిది రోజుల్లోనే ఒకటి ఒట్టు పెట్టుకున్నాను. నా రాత ఇంకొకరి తాళం వెనకాల ఉండకూడదు. టెక్స్ట్ ఫైల్ అయితే ఎక్కడైనా తెరుచుకుంటుంది. పాత కంప్యూటర్, కొత్త ఫోను, ఏదైనా సరే. కంప్యూటర్ అక్షరాలని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తైనా ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది, అయినా నా పూర్తి స్క్రిప్టు అర మెగాబైటు దాటదు. ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో దానికంటే బరువు.

ఇక ఇది ఎలా ఉంటుందో చూపించడమే మేలు. తండ్రి పోయాక అక్కాతమ్ముళ్లు ఆయన బల్ల సొరుగు తెరవబోయే సీను ఇది. మొదట్లో నా ఫైల్లో ఎలా ఉండేదో అలాగే పెడుతున్నా.

.లోపల. నాన్న గది - సాయంత్రం

= తాళం గురించి సుజాత అబద్ధం చెప్తోందని మనకి తెలుస్తుంది, రవికి తెలియదు.

రవి సొరుగు లాగుతాడు. రాదు.

@సుజాత
తాళంచెవి నీ దగ్గరే ఉండాలి కదరా.

@రవి
నా దగ్గరెందుకుంటుందక్కా? ఆయన నన్ను గదిలోకే రానిచ్చేవారు కాదు.

[[రవికి నిజంగా తెలియదా? 41లో చూడు]]

వరసకి ముందు చుక్క పెడితే సీను హెడ్డింగు. ఇంగ్లీషులో అయితే లోపలా బయటా అని చెప్పే పొట్టి మాటలతో మొదలైన వరసని అదే గుర్తుపడుతుంది. పాత్ర పేరు పెద్దక్షరాల్లో ఉంటే అది పేరని కూడా దానికి తెలుసు. మనకి పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు కదా, అందుకని ‘@’ పెట్టాలి. ఇంగ్లీషులో పెద్దవీ చిన్నవీ కలిసిన పేర్లకి మాత్రమే ఈ గుర్తు అవసరం. మనకి మాత్రం ప్రతి డైలాగుకీ ప్రాణాధారం. మొదటి నెలంతా మర్చిపోతూ ఉండేవాణ్ణి. మర్చిపోతే పాత్ర పేరు, డైలాగు కలిసిపోయి వర్ణనలోకి పోతాయి. ఇప్పుడు వేలు దానంతట అదే వెళ్తుంది.

‘=’ తో మొదలైన వరస ప్రింటులో రాదు. అది సీను సారం. ఈ ఒక్కదాని కోసమైనా ఫౌంటెన్‌ని వదల్లేను. ప్రతి సీనుకీ ఇలా ఒక్క వాక్యం రాసి పెట్టుకుంటాను. తర్వాత ఫైలు మొత్తంలో ‘=’ తో మొదలయ్యే వరసలు మాత్రమే వెతికి పక్కన పెడితే చాలు, వన్‌లైన్ ఆర్డర్ (సీనుకో వాక్యం చొప్పున కథంతా వరసగా రాసుకునే జాబితా) తయారు. మామూలుగా వన్‌లైన్ ఆర్డర్ ఒక ఫైలు, స్క్రిప్టు ఒక ఫైలు. రెండో డ్రాఫ్టుకే ఆ రెండిటికీ పొంతన ఉండదు. ఇక్కడ సీను జరిపితే దాని సారమూ దాంతోపాటే జరుగుతుంది. సారం రాయడానికి వాక్యం దొరకలేదంటే ఆ సీనులో ఏమీ జరగడం లేదని అర్థం. ‘రవి, సుజాత మాట్లాడుకుంటారు’ అని రాసుకున్న సీన్లు ఇప్పటిదాకా ఒక్కటీ మిగల్లేదు.

రెండు చదరపు బ్రాకెట్ల మధ్య రాసేది నాకు నేను రాసుకునే చీటీ. అది కూడా ప్రింటులో రాదు. పైన చూపించిన చీటీ అక్కడ ఏడు నెలలుంది. రవికి తెలుసా, తెలియదా? తెలియదనుకుని నలభై సీన్లు రాశాక, తెలిసీ అడుగుతున్నాడని తేలింది. అప్పుడు ఈ సీనులో మార్చింది రెండే రెండు మాటలు. ‘ఎందుకుంటుందక్కా’ తీసేసి ‘లేదక్కా’ అన్నాను. ఎదురు ప్రశ్న వేసేవాడు తనని తాను కాపాడుకుంటున్నాడు. ‘లేదక్కా’ అని ఊరుకున్నవాడు ఇంకేదో దాస్తున్నాడు.

రాత పరికరాన్ని ఎలా అంచనా వేయాలో ఇక్కడే నాకు తెలిసొచ్చింది. మొదటి డ్రాఫ్టు దేంట్లోనైనా వస్తుంది. ఊపు మీద ఉన్నప్పుడు చిత్తు కాయితమైనా చాలు. పరికరం బలమెంతో కొట్టేసే రోజున బయటపడుతుంది. ఆరు నెలలు మోసిన సీను తీసేయాల్సి వచ్చినప్పుడు చెయ్యి వెనకాడకుండా చూడగలదా అన్నదే పరీక్ష. ఫౌంటెన్‌లో దీనికి బోన్‌యార్డ్ అని ఒకటుంది. వద్దనుకున్న భాగానికి ముందు ఒక ఏటవాలు గీత, ఒక నక్షత్రం గుర్తు, చివర ఒక నక్షత్రం గుర్తు, ఒక ఏటవాలు గీత. అంటే ముందు ‘/*’, వెనక ‘*/’. అంతే, ఆ భాగం ప్రింటులోంచి మాయం, ఫైల్లో మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చంపామన్న బాధ ఉండదు కాబట్టి ధైర్యంగా చంపుతాం. మొదటి స్క్రిప్టు అరవై నాలుగు సీన్లతో మొదలై యాభై ఒకటికి దిగింది. అందులో తొమ్మిది ఇలా బోన్‌యార్డ్‌లోకి వెళ్లినవే. మళ్లీ వెనక్కి పిలిచింది ఒక్కదాన్నే.

వెర్షన్ల సంగతి రెండు మాటల్లో. ప్రతి డ్రాఫ్టుకీ ఫైలు పేరు తేదీతో మొదలుపెడతాను, ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. ఫోల్డర్‌లో వాటంతట అవే వరసలో ఉంటాయి. టెక్స్ట్ ఫైళ్లు కాబట్టి రెండు డ్రాఫ్టులు పక్కపక్కన పెట్టి ఏం మారిందో ఏ కంపేర్ టూల్‌తోనైనా చూడొచ్చు. ప్రోగ్రామర్లు ప్రతి మార్పునీ ఒక వివరణతో దాచుకోవడానికి వాడే గిట్ కూడా ఒక ఏడాది వాడాను. బాగానే ఉంది కానీ, రాయాల్సిన టైములో దానికి రాసే వివరణలే ఎక్కువైపోతున్నాయని మానేశాను.

ఇప్పుడు విసిగించినవి.

మొదటిది పేజీ లెక్క. స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెర మీద ఒక నిమిషం అనే పాత లెక్క కొరియర్ ఫాంటు, 12 పాయింట్ల సైజు మీద నిలబడింది. 1950లలో ఐబీఎం టైపురైటర్ల కోసం హోవర్డ్ కెట్లర్ గీసిన అక్షరాలవి. ఏ అక్షరమైనా ఒకే వెడల్పు, అంగుళానికి పది. స్క్రీన్‌ప్లేల కోసం దాన్ని కొంచెం అందంగా మార్చి 2013లో కొరియర్ ప్రైమ్ కూడా తెచ్చారు. వీటిలో తెలుగు లేదు. కాబట్టి కంప్యూటర్ తనకి తోచిన వేరే ఫాంటు తెచ్చి పెడుతుంది. మన అక్షరాలకి కిందా పైనా చోటు కావాలి, వరసల మధ్య ఎడం పెరుగుతుంది. ‘రానిచ్చేవారు కాదు’ లాంటి మాటలు డైలాగు ఇరుకు వరసలో సగానికి విరుగుతాయి. పేజీకి నిమిషం అన్నది ఎక్కడా నిలవలేదు. ఇప్పుడు నేను పేజీలు లెక్కపెట్టడం మానేశాను. సీను గట్టిగా చదువుతూ ఫోన్‌లో రికార్డు చేస్తాను, ఆ నిడివి చీటీలో రాసి పెట్టుకుంటాను. దీనివల్ల ఇంకో లాభం. నోరు తిరగని డైలాగు అక్కడికక్కడే దొరికిపోతుంది.

రెండోది పీడీఎఫ్. ఫౌంటెన్ చదివే యాప్‌లు చాలా ఉన్నాయి, కొన్ని ఉచితమే. నేను ప్రయత్నించిన వాటిలో రెండు తెలుగుని ప్రింటుకి పంపగానే ఒత్తులన్నీ విడగొట్టాయి, ఇంకొకటి ఖాళీ డబ్బాలు గీసిచ్చింది. నెరేషన్‌కి, అంటే సినిమా తీసేవాళ్లకి కథ వినిపించడానికి, గంట ముందు అలాంటి పీడీఎఫ్ చూస్తే వచ్చే టెన్షన్ ఎలాంటిదో అనుభవించాను. చివరికి తేలిన దారేమిటంటే, స్క్రిప్టుని వెబ్ పేజీగా మార్చి, బ్రౌజర్‌లో తెరిచి, అక్కణ్ణుంచి ప్రింట్ ఇవ్వడం. బ్రౌజర్లకి తెలుగు బాగా వచ్చు.

మూడోది మాత్రం ఫౌంటెన్ తప్పు కాదు, కానీ కొత్తగా వచ్చేవాళ్లకి ముందే చెప్పాలి. తెలుగు టైపింగ్ రాకపోతే ఇదేదీ పనికిరాదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారే పద్ధతి ఏళ్ల తరబడి వాడాను. ‘ళ’ కావాలంటే ‘ల’, ‘ణ’ కావాలంటే ‘న’ వచ్చేది. రాస్తున్నది డైలాగే అయినా బుర్ర ఒక పక్కన ఇంగ్లీషులో స్పెల్లింగ్ కడుతూనే ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుకి మారాను. ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి చాలావరకు హల్లులు. మొదటి వారం నరకం. మూడో వారానికి పాత వేగం వచ్చింది. రెండో నెలలో, పాత్ర మాట్లాడుతుంటే నేను వింటూ రాసుకుంటున్నట్టు అనిపించిన రోజు ఒకటుంది. ఆ రోజు తేదీ కూడా గుర్తుంది.

అన్నీ ఫైల్లోనే చేస్తున్నానని అనుకోకండి. కథ ఇంకా పురిట్లోనే ఉన్నప్పుడు కంప్యూటర్ తెరవను. మూడంగుళాల వెడల్పు, ఐదంగుళాల పొడవు ఉన్న అట్ట కార్డులు, పెన్సిలు. కార్డుకి ఒక సీను, ఒక వాక్యం. అంతకంటే ఎక్కువ పట్టనివ్వదు, అదే దాని గొప్పతనం. నేల మీద పరిచి, నిలబడి పైనుంచి చూస్తే కథలో ఎక్కడ నీరసం వచ్చిందో కనిపిస్తుంది. సుజాత కార్డులకి మూలన ఒక గీత గీశాను. పరిచి చూస్తే పదహారు కార్డులు వరసగా గీత లేకుండా ఉన్నాయి. కథ ఆమెది, పదహారు సీన్లపాటు ఆమే లేదు! స్క్రీన్ మీద స్క్రోల్ చేస్తూ దాన్ని నాలుగు నెలలు పట్టుకోలేకపోయాను.

ఇక పెన్ను. కుడి పేజీలో మాత్రమే రాస్తాను, ఎడమ పేజీ దిద్దుబాట్లకి వదిలేస్తాను. కష్టమైన సీన్లే ఇలా చేత్తో రాస్తాను. చేత్తో రాస్తే ఒక డైలాగుకీ ఇంకో డైలాగుకీ మధ్య ఆలస్యం అవుతుంది, ఆ ఆలస్యంలో రెండో పాత్ర ఏమనుకుంటోందో తడుతుంది. ఇంకు పెన్నుల మీద మోజు కూడా ఉందనుకోండి, దానికి కారణాలు వెతకడం దండగ.

నవల రాసేవాళ్లకి ఫౌంటెన్ వద్దంటాను. అధ్యాయాలు, పరిశోధన నోట్సు, ఫొటోలు అన్నీ ఒకేచోట పెట్టుకోవాలంటే 2007లో వచ్చిన స్క్రివెనర్ లాంటి రాత యాప్ నయం. నేనూ ఒక నవల అందులోనే మొదలుపెట్టాను, ఆగిపోయింది నా వల్లే. టీమ్‌లో నలుగురు ఒకేసారి ఒకే స్క్రిప్టు మీద పని చేయాల్సి వచ్చినా ఫౌంటెన్ సరిపోదు, ఎవరు ఏ వరస మార్చారో తేల్చుకోవడానికే పొద్దు గడిచిపోతుంది.

ఇంకో పెద్ద లోటుంది. ఎడమ వైపు సన్నివేశం, కుడి వైపు మాటలు ఉండే రెండు నిలువు వరసల స్క్రిప్టు అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇద్దరు పాత్రలు ఒకేసారి మాట్లాడితే డైలాగులు పక్కపక్కన వేయడానికి ఫౌంటెన్‌లో ఒక గుర్తుంది కానీ, మొత్తం పేజీని అలా రెండుగా చీల్చే ఏర్పాటు లేదు. అడిగినప్పుడల్లా పట్టిక గీసుకుని, సీను సీనూ తెచ్చి అందులో పేస్ట్ చేస్తున్నాను. పోయిన నెలలోనే రెండు రాత్రులు పట్టింది. అన్నట్టు, ఆ పట్టికలోకి ఒక బోన్‌యార్డ్ సీను కూడా పొరపాటున వచ్చేసింది. చదివినాయన అదే బాగుందన్నారు.