పాల కేంద్రంలో ఇరవై నెలలు నడిచిన బటన్ ఫోన్

2024 జూలైలో ప్రైవేటు మొబైల్ కంపెనీలు మూడూ ప్రీపెయిడ్ ధరలు పెంచాయి. ఆ మరుసటి నెలలోనే నేను మా మండల కేంద్రంలోని దుకాణంలో ఒకే రకం బటన్ ఫోన్లు రెండు కొన్నాను. ఒక్కొక్కటి 1,450 రూపాయలు. ఒకటి నేను నిర్వహించే పాల కేంద్రంలో ఉదయం, సాయంత్రం వాడుకోవడానికి. రెండవది మా అమ్మకు. రెండూ 4జీ ఫోన్లే. రెండు సిమ్‌లు పడతాయి, బ్యాటరీ ఊడదీయవచ్చు, టార్చి, రేడియో ఉన్నాయి. తయారీ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ ధరలో దాదాపు ఒకే తీరు ఫోన్లు అనేక పేర్లతో అమ్ముడవుతున్నాయి. కొనేవారికి ఆ పేరు కంటే, ఇరవై నెలల వాడకంలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నదే పనికివస్తుందని నా నమ్మకం.

అదే దుకాణంలో ఇంకా తక్కువ ధరకు 2జీ ఫోన్లు ఉన్నా నేను వాటిని తీసుకోలేదు. 2016 సెప్టెంబరులో సేవలు ప్రారంభించిన జియోకు 2జీ, 3జీ లేవు; బటన్ ఫోన్లలో దాని మాటలు 4జీ మీదుగా, వోల్టీ పద్ధతిలోనే వెళతాయి. అందువల్ల 2జీ ఫోన్ కొన్నవారికి ఆ సిమ్ వేసుకునే వీలు మొదటే పోతుంది. మా ఇంటి దగ్గర ఒక కంపెనీ సిగ్నల్ బాగా అందుతుంది, వంపులో ఉన్న మా చేను దగ్గర మరొక కంపెనీది మాత్రమే అందుతుంది. కనుక రెండు సిమ్‌లు, అవి ఏ కంపెనీవైనా పనిచేసే ఫోన్ మాకు విలాసం కాదు, అవసరం.

ఇక్కడ డబ్బు లెక్క కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రీపెయిడ్ వాడేవారికి ఫోన్ ధర కన్నా రీచార్జి ఖర్చే పెద్దది. పెంపు తరువాత ఎయిర్‌టెల్‌లో 28 రోజుల కనీస ప్లాన్ 199 రూపాయలయింది. ఏడాదికి పదమూడు సార్లు వేస్తే 2,587 రూపాయలు, అంటే నేను కొన్న ఫోన్ ధరకు ఒకటిన్నర రెట్లకు పైగా. 2023 జూలైలో 999 రూపాయలకు వచ్చిన జియో భారత్ ఫోన్‌కు 28 రోజుల ప్లాన్ అప్పుడు 123 రూపాయలే. పదమూడు సార్లకు 1,599. ఒకే చోట ఉండి, అక్కడ ఆ సిగ్నల్ బాగా అందేవారికి ఆ లెక్కే లాభమని నిస్సందేహంగా చెబుతాను. అయితే ఆ ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ పనిచేయదు. మా చేను సంగతి వల్ల నేను ఆ దారి పట్టలేకపోయాను.

కొన్న ఐదు నెలలకు నా ఎంపికకు అనుకోని బలం వచ్చింది. ఇంటర్నెట్ అవసరం లేనివారి కోసం మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది, వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చని కూడా చెప్పింది. 2025 జనవరిలో ఎయిర్‌టెల్‌లో అలాంటి ఏడాది ప్లాన్ 1,849 రూపాయలకు వచ్చింది. అమ్మకు అదే వేయించాను. ఏడాదికి సుమారు ఏడు వందల రూపాయలు మిగలడం ఒక ఎత్తు, నెలనెలా గడువు దాటి ఫోన్ మూగబోతుందన్న బెంగ పోవడం మరొక ఎత్తు. బటన్ ఫోన్ వాడేవారు తాము వాడని డేటాకు ఇన్నేళ్లు డబ్బు కట్టడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపించేది.

ఇక ఫోన్ సంగతి. దీనిలో నాకు అన్నింటికంటే నచ్చినది శబ్దం. పాల కేంద్రంలో శీతలీకరణ యంత్రం మోటారు నడుస్తూనే ఉంటుంది, క్యాన్ల చప్పుడు వేరు. అంతటి రొదలోనూ దీని రింగు వినిపిస్తుంది. తెల్లవారుజామున ఎవరి ఆవో ఎదకు వచ్చిందని, కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర కోసం ఫోన్ చేస్తే, ఆ పిలుపు ఒక పూట ఆలస్యమైనా రైతుకు మూడు వారాల నష్టం. కాబట్టి రింగు వినబడడం నాకు చిన్న విషయం కాదు. మాట కూడా వోల్టీ మీద స్పష్టంగా వస్తుంది. వినికిడి కాస్త తగ్గిన అమ్మ మాత్రం చెవి దగ్గరి స్పీకరు చాలడం లేదని మొదటి వారమే చెప్పింది. బయటి స్పీకరు పెట్టుకుంటే బాగా వినిపిస్తుంది కానీ అవతలివారు చెప్పేది వీధంతా వింటుంది. పెద్దవారి కోసం కొనేటప్పుడు దుకాణంలోనే సిమ్ వేసి, రోడ్డు పక్కకు వచ్చి, వారి చేతనే ఒకసారి మాట్లాడించి చూడడం మంచిది.

తెలుగు విషయంలో నాకు సంతోషం, అసంతృప్తి రెండూ ఉన్నాయి. మన దేశంలో అమ్మే ఫోన్లలో రాజ్యాంగ షెడ్యూలులోని 22 భాషల సందేశాలూ చదవగలిగేలా ఉండాలని, రాయడానికి హిందీ, ఇంగ్లీషులతో పాటు మరొక భారతీయ భాష ఉండాలని భారతీయ ప్రమాణాల నియమం. అంటే పెట్టె మీద తెలుగు అని ఉన్నంత మాత్రాన తెలుగులో రాయవచ్చని కాదు, చదవడానికి మాత్రమే కావచ్చు. నా ఫోన్‌లో రాయడం కూడా ఉంది. కానీ బటన్ల మీద ఇంగ్లీషు అక్షరాలే ముద్రించి ఉండడం వల్ల ఏ బటన్ కింద ఏ అక్షరం ఉందో తెర మీద చూసుకుంటూ నొక్కాలి. చిన్న తెరలో ఒత్తులు నలిగిపోయి కనిపిస్తాయి. పైగా తెలుగు ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే పరిమితి, అందులో గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. కంటికి మూడు అక్షరాలుగా కనిపించే ‘డబ్బులు’ ఏడుగా లెక్కపడుతుంది. కొద్ది నెలల తరువాత నేను తెలుగులో రాయడం మానేసి, చెప్పవలసింది ఫోన్ చేసి చెబుతున్నాను. ఇంత పాత ఇబ్బందిని ఎవరూ పట్టించుకోకపోవడం బాధగా ఉంది.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. అమ్మకు ఇంగ్లీషు రాదు, అందుకని అందరి పేర్లూ తెలుగులోనే ఎక్కించి సిమ్‌లో భద్రపరిచాను. సిమ్‌లో తెలుగు పేరుకు చోటు చాలా తక్కువ. వెంకటలక్ష్మి పిన్ని పేరు ‘వెంకటల’ దగ్గరే తెగిపోయింది. అన్నీ మళ్లీ ఫోన్ మెమరీలోకి ఎక్కించవలసి వచ్చింది. ఆ తరువాత పేర్లు పూర్తిగా కనిపిస్తున్నాయి, అయితే ఫోన్ పాడైతే అవి దానితోనే పోతాయి కనుక నోటు పుస్తకంలో కూడా రాసి ఉంచాను.

బ్యాటరీ గురించి దుకాణదారు వారం రోజులు వస్తుందన్నాడు. పాత 2జీ ఫోన్లకు అది నిజమే. రెండు 4జీ సిమ్‌లతో, రోజుకు గంటకు పైగా మాటలతో, నాకు మొదటి ఏడాది రెండున్నర రోజులు వచ్చింది. సిగ్నల్ బలహీనంగా ఉండే చేను దగ్గర పూటంతా ఉంటే రెండు రోజులకు మించి రాలేదు. పద్నాలుగవ నెలలో అది ఒకటిన్నర రోజుకు పడిపోయింది. అప్పుడు 120 రూపాయలకు పేరు తెలియని బ్యాటరీ ఒకటి తెచ్చి వేశాను, రెండు నెలలకే ఉబ్బి వెనక మూత లేచింది. ఉబ్బిన బ్యాటరీని ఒక్క రోజు కూడా వాడకూడదు. వెంటనే తీసివేసి, ఈసారి 300 రూపాయలు పెట్టి తయారీ సంస్థదే కొన్నాను. తిరిగి మొదటి రోజుల్లాగే నడుస్తోంది. బ్యాటరీ మార్చుకునే వీలు లేకపోతే ఈ ఫోన్ పద్నాలుగు నెలలకే మూలన పడేది.

తడి చేతులతో, పాల చుక్కలు పడుతూ వాడినా బటన్లన్నీ పనిచేస్తున్నాయి, 5వ అంకె బటన్ తప్ప. అది ఇప్పుడు గట్టిగా నొక్కితే గాని పలకదు. ఈ బటన్‌కు ఒక ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 2017 జనవరి నుంచి మన దేశంలో అమ్మే బటన్ ఫోన్లలో 5 లేదా 9 అంకెను అదిమి పట్టుకుంటే అత్యవసర సహాయానికి ఫోన్ వెళ్లే ఏర్పాటు తప్పనిసరి. ఒంటరిగా ఉండే పెద్దవారికి ఇది తప్పక నేర్పాలి. అమ్మ ఫోన్‌లో ఆ బటన్ బాగానే ఉంది, నెలకొకసారి నేనే నొక్కి చూస్తాను, ఫోన్ కలవకముందే ఆపేస్తాను.

డబ్బు పంపడానికి *99# నొక్కి వాడే బ్యాంకు సేవ ఉపయోగపడుతుంది. ఇంటర్నెట్ అక్కరలేదు, తెలుగులో ఎంచుకోవచ్చు, 2022 నుంచి దానికి రుసుము లేదు. నేను చిన్న మొత్తాలకు వాడాను, పని జరిగింది. మధ్యలో ఆలస్యమైతే మాత్రం మొదటి నుంచి మొదలుపెట్టాలి.

కొనబోయేవారు పెట్టె మీద 4జీ బ్యాండ్ల, అంటే ఫోన్ అందుకోగల తరంగాల శ్రేణుల, సంఖ్యలు చదవాలి. నా దాని మీద 1, 3, 5, 8, 40, 41 ఉన్నాయి, 28 లేదు. బీఎస్ఎన్ఎల్ 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్‌లలో నడుస్తుంది. 28 అంటే ఆ 700. ఊరికి దూరంగా, గోడల లోపలికి బాగా చేరేది అదే కనుక, ఆ సిమ్ వేయదలచినవారు 28 ఉన్న ఫోనే వెదకాలి. పెట్టె మీది ఐఎమ్ఈఐ సంఖ్యను, అంటే ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యను, *#06# నొక్కితే తెర మీద వచ్చేదానితో సరిచూసుకుని, కేవైఎమ్ (KYM) అని ఇంగ్లీషులో రాసి ఒక ఖాళీ వదిలి ఆ సంఖ్యను 14422కు పంపితే ఫోన్ అసలుదో కాదో సమాధానం వస్తుంది.

మా చిన్నాన్న కూడా ఇలాంటిదే కావాలని అడుగుతున్నాడు. వచ్చే సంతకు ఆయననే వెంటబెట్టుకుని వెళ్లి, ఆయన సిమ్ వేసి, ఆయన చెవికి పెట్టి చూసి, బ్యాటరీ విడిగా ఆ దుకాణంలోనే దొరుకుతుందని తేల్చుకున్న తరువాతే డబ్బు కట్టిస్తాను.