ఒక ప్రాథమికోన్నత పాఠశాల గ్రంథాలయం: అమరిక, వసతులు

మా మండలంలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల కోసం రెండు గదులు కలిపి ఏర్పాటు చేసిన ఈ గ్రంథాలయంలో మొదట మెచ్చుకోవలసింది, బీరువాలకు తాళాలు లేకపోవడం. అరల ఎత్తు నాలుగున్నర అడుగులు మించనందున ఆరో తరగతి పిల్లలు కూడా పై వరుసలోని పుస్తకాన్ని సాయం లేకుండా అందుకోగలరు. కూర్చున్న ఉపాధ్యాయునికి గది అంతా కనిపిస్తుంది. చదువుకునే బల్లలను కిటికీల పక్కన, పుస్తకాలను ఎండ తగలని లోపలి గోడకు ఉంచడం ఆలోచించి చేసిన పని.

వర్గీకరణ మాత్రం పిల్లలను దృష్టిలో పెట్టుకొని చేసినది కాదు. పుస్తకాలను విషయాన్ని బట్టి సంఖ్యలతో వర్గీకరించే డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 సంఖ్య ఉంది. ఇక్కడ కథలు, గేయాలు, నాటికలు అన్నిటికీ అదే సంఖ్య గల చీటీ అంటించడంతో కావలసినది వెతకడం పెద్దలకే కష్టం. పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ సంస్థ తన పుస్తకాలకు 1 నుంచి 4 వరకు పఠన స్థాయిలు సూచిస్తుంది. ఆ విధంగానే ఇక్కడ రంగు చీటీలు అంటిస్తే, కూడబలుక్కుని చదివే పిల్లవాడు కూడా తనకు తగినది తానే ఎంచుకోగలడు.

గుమ్మం వద్ద వాలుదారి ఉన్నా, బల్లల మధ్య చక్రాల కుర్చీ తిరిగేంత చోటు లేదు. రెండు బల్లలు తగ్గించడం తప్పనిసరి. పుస్తకాలిచ్చే రిజిస్టరును, కొట్టివేతలు ఎన్ని ఉన్నా, పిల్లలే నిర్వహించడం నాకు నచ్చింది.