మడ్ టైర్లు కొనేముందు సైడ్ వాల్ చూడండి: సిరోంచ అనుభవం

మా థార్‌కు మడ్ టైర్లు వేయించినప్పటి నుంచి చూసిన ప్రతివాడూ రబ్బరు బటన్ల సందులో వేలు పెట్టి లోతు కొలుస్తున్నాడు. సైడ్ వాల్, అంటే టైరు పక్క గోడ సంగతి అడిగినవాడు ఇంతవరకు కనపడలేదు. మా సిరోంచ తాలూకాలో (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా) టైర్లను తినేసేది బురద కాదండీ, వెదురు మోళ్లు. బొంగులు ఏటవాలుగా నరికి తీసుకుపోతారు. మిగిలిన మోడు ఎండి గునపంలా నిలబడుతుంది. పైన గడ్డి పెరిగితే ఇక దాన్ని చూసేదెవరు?

ముందున్న రోడ్డు టైర్లలో రెండు అలాగే పోయాయి. నేలకు ఆనే ట్రెడ్‌లో మేకు దిగితే లోపలి నుంచి ప్యాచ్ వేయించుకుని హాయిగా తిరగొచ్చు. పక్క చీలితే ఆ ఆశ లేదు. చక్రం తిరిగినప్పుడల్లా సైడ్ వాల్ వంగి లేస్తుంటుంది కాబట్టి అక్కడ ప్యాచ్ నిలవదు. టైరు పారేయడమే.

అందుకే ఈసారి షాపులో టైరును దొర్లించి, పక్కన అచ్చుపోసిన చిన్న అక్షరాలు చదివాను. ట్రెడ్‌లో ఎన్ని పొరలు, సైడ్ వాల్‌లో ఎన్ని పొరలు అని విడివిడిగా రాసి ఉంటుంది. నేను తీసుకున్నదానికి సైడ్ వాల్ దగ్గర పాలిస్టర్ 3 అని ఉంది. రోడ్డు టైర్లకు మామూలుగా ఒకటో రెండో ఉంటాయి. పనిలో పనిగా అక్కడే డాట్ (DOT) అని మొదలయ్యే నంబరు చివరి నాలుగు అంకెలు కూడా చూడండి. 3523 అని ఉంటే 2023లో 35వ వారంలో తయారైందని అర్థం. ఏళ్ల తరబడి గోడౌన్లో పడి ఉన్న సరుకును తగ్గింపు ధర అని అంటగట్టే వాళ్లున్నారు.

బురదలో ఎలా ఉందంటే, బాగుంది. మాది నల్లరేగడి. రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఏటీ (ఆల్ టెరైన్) టైర్లయితే నాలుగు గజాలు పోయేసరికి సందులు పూడి గుండు టైర్లయిపోతాయి. వీటి సందులు వెడల్పు, చక్రం జోరుగా తిరిగితే మట్టిని విసిరేస్తాయి. జోరుగా తిరిగితేనే సుమా. భయం భయంగా యాక్సిలరేటర్ తొక్కితే ఇవీ పూడుకుపోతాయి. గాలి 18 పీఎస్ఐకి దించితే పట్టు ఇంకా బాగా వస్తుంది. అయితే గాలి తగ్గిన టైరు పక్కలకు ఉబ్బుతుంది, ఉబ్బిన పక్కే ముందు మోడుకు తగులుతుంది. రేగడి, వెదురు రెండూ ఒకే దారిలో ఉన్న మాలాంటి వాళ్లకు ఇదే తలనొప్పి.

నిరుడు మార్చిలో అకాల వాన పట్టుకుంది. అసరల్లి అవతల కళ్లంలో మిర్చి ఆరబోసి ఉంది. టార్పాలిన్లు వేసుకుని బయల్దేరాం. రేగడి దాటడానికి గాలి దించాం. తర్వాత అడవి అంచున బండ్ల బాట. మబ్బు నెత్తిమీదికి వచ్చింది, ఆగి గాలి కొట్టుకునే తీరిక ఎక్కడిది! వెనక ఎడమ చక్రం దగ్గర ధబ్బుమంది. దిగి చూస్తే సైడ్ వాల్ మీద వేలెడంత చీలిక, రబ్బరు ముక్క వేలాడుతోంది, లోపల తెల్లగా దారాలు కనిపిస్తున్నాయి. నా పని అయిపోయిందనుకున్నాను. వెంట ఉన్న కుర్రాడు సీసాలో నీళ్లు చీలిక మీద పోశాడు. బుడగ రాలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని బండెక్కాం. అటుకటు మిర్చి మీద టార్పాలిన్లు పడ్డాయి, పంట దక్కింది. మెల్లగా సిరోంచ చేరాక పంక్చర్ షాపు తమ్ముడు సబ్బునీళ్లు కొట్టి చూసి, "అన్నా, గాలి జరంత గూడ పోతలేదు" అన్నాడు. అప్పటి నుంచి కనిపించిన వాళ్లందరికీ ఈ టైర్ల గొప్పే చెప్పాను.

మే నెల ఎండలకు సరిగ్గా అదే చోట చిన్న ఉబ్బు లేచింది. లోపల దారాలు కొన్ని తెగాయన్నమాట. అలాంటి టైరుతో తిరగడం ప్రాణాలతో చెలగాటం. వారంటీ తయారీ లోపానికే గానీ కోతకు వర్తించదన్నారు. అరిగిన టైరు పక్కన కొత్తది ఒక్కటే వేస్తే చుట్టుకొలత కలవదు, వెనక చక్రాలు రెంటికీ ఇంజన్ బలం పంచే డిఫరెన్షియల్‌కు మంచిది కాదు. జోడీ కొనక తప్పలేదు. బాగున్న పాతది స్టెప్నీ అయింది. కాబట్టి మూడు పొరలుంటే టైరు బతుకుతుందని ఇప్పుడు చెప్పను. అడవిలో ఆగిపోకుండా ఇంటికి చేరుస్తుందని మాత్రం చెప్తాను. మాకు అదే పెద్ద విషయం.

తారు రోడ్డు మీద మోత ఉంటుందని తెలిసే కొన్నాను, దాని గురించి ఏడవను. ఆలపల్లి వైపు గుంతల్లో ఎలాగూ వేగంగా పోలేం. గోదావరి వంతెన దాటి కాళేశ్వరం, భూపాలపల్లి మీదుగా వరంగల్ ఆసుపత్రికి తీసుకెళ్తే మా అమ్మ మాత్రం "దీనికన్నా ఎర్ర బస్సే నయం రా" అంటుంది. మోత భరించొచ్చు, తడి తారు మీద బ్రేకు పట్టే తీరే నాకు నచ్చలేదు. నేలకు ఆనే రబ్బరు తక్కువ కదా, బండి అనుకున్న చోట ఆగదు, ఇంకాస్త ముందుకు పోతుంది. వానలో ముందు బండికి బాగా దూరంగా ఉండటం అలవాటు చేసుకున్నాను. మైలేజీ కూడా లీటరుకు కిలోమీటరుకు పైనే తగ్గింది.

నా తిరుగుడంతా చేను, కళ్లం, అడవి బాట కాబట్టి నాకివి గిట్టుబాటే. మా తమ్ముడికి అంకీసలో ఎరువుల షాపు, బండి రోడ్డు దిగేది తక్కువ. వాడు అడిగితే వద్దన్నాను. వచ్చేసారి నా సైజులో మూడు పొరల సైడ్ వాల్ ఉన్న ఏటీ టైర్లు దొరికితే నేనే అటు మారతానేమో. వానాకాలంలో రేగడి దాటడానికి ట్రాక్టర్ ఎలాగూ ఉంది.