ఆసెల్లారిస్, పెర్క్యులా: రెండు క్లౌన్ చేపల పోలిక

చెన్నై కొళత్తూరులోని రంగుచేపల దుకాణాలలో, నారింజ ఒంటిపై మూడు తెల్లని పట్టీలున్న క్లౌన్ చేపను కొనదలచిన తెలుగువారు అది ఆసెల్లారిసా, పెర్క్యులానా అన్నది ముందే నిర్ధారించుకోవాలి. పట్టీల అంచున ఉండే నల్లగీత ఆసెల్లారిస్‌లో సన్నగా, పెర్క్యులాలో తరచు మందంగా ఉంటుంది గాని, పెంపకంలో రంగులు మారుతాయి కనుక ఆ ఒక్క గుర్తునే నమ్మడం సరికాదు. వీపు రెక్కలోని ముళ్లను లెక్కించడమే మేలు: ఆసెల్లారిస్‌కు సాధారణంగా 11, పెర్క్యులాకు 10 ఉంటాయి. ఆసెల్లారిస్ మన అండమాన్ దీవులలోనూ ఉంది. పెర్క్యులా న్యూగినీ, సాలమన్ దీవులు, ఈశాన్య ఆస్ట్రేలియా పగడపు దిబ్బలకు చెందినది. సముద్రపు అనిమోన్లనే పువ్వులాంటి జీవుల నడుమ బతికే ఈ రెండు జాతులలోనూ, గుంపులోని ఆడచేప చనిపోతే దాని జత మగచేపే ఆడదిగా మారుతుంది. తొలిసారి పెంచేవారికి తొట్టిలోనే పుట్టిపెరిగిన ఆసెల్లారిస్‌ను సూచిస్తాను. దిబ్బల నుండి పట్టితెచ్చిన చేపను కొనవద్దు.